అల్ – మన పేర్లలో దాగిన ఒక చిన్న మాట చరిత్ర

గత సంవత్సరం మా సంఘం తరఫున స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలిస్తున్న రోజుల్లో ఒక తండ్రి తన కుమారుని కాగితాలు సంచిలో పెట్టుకొని మా వద్దకు వచ్చాడు. జనన ధ్రువపత్రంలో పిల్లవాని పేరు అబ్దుర్రహీం. బడి సర్టిఫికెట్టులో అబ్దుల్ రహీం. మరొక దరఖాస్తులో ఇంటిపేరు అన్న గడిలో అబ్దుల్ అనీ, పేరు అన్న గడిలో రహీం అనీ వ్రాసి ఉంది. ఒక కార్యాలయంలో ఈ కాగితాలు చూచి, "ఇవి ఇద్దరు పిల్లలవి, పొండి" అని తిప్పి పంపారట. "మా నాయన పెట్టిన పేరు బాబూ అది. ఒక్కటే పేరు. రెండెట్లా అయినాయో నాకు తెలవదు" అన్నాడాయన.

ఆ తండ్రి తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ గుమాస్తాను కూడా పూర్తిగా తప్పు పట్టలేము. ఒక్క పేరును రెండు చేసినది అరబీ భాషలోని ఒక చిన్న మాట. దాని పేరు "అల్". వ్రాతలో రెండే అక్షరాలు – అలిఫ్, లామ్. నమాజులో, దుఆలో, పండుగ పేర్లలో, పిల్లల పేర్లలో రోజుకు ఎన్నిసార్లు దీన్ని పలుకుతామో లెక్క లేదు. అయినా ఇదేమిటి, ఎక్కడిది, ఎందుకు ఒకచోట అల్ అనీ, ఒకచోట ఉర్ అనీ, ఇంకొకచోట ఉద్ అనీ వినిపిస్తుంది అంటే చెప్పగలిగినవారు మనలో తక్కువ. అందుచేత ఈ సంచికలో దాని చరిత్రను మాకు తెలిసినంత వరకు పాఠకుల ముందుంచుతున్నాము.

ఇస్లాంకు పూర్వం

మన తెలుగులో అల్ వంటి మాట లేదు. "పుస్తకం తీసుకురా" అంటే ఏదో ఒక పుస్తకమా, మనమిద్దరం ఎరిగిన ఆ పుస్తకమా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే. అరబీలో అలా కాదు. కితాబ్ అంటే ఏదో ఒక పుస్తకం. అల్ కితాబ్ అంటే వినేవాడికీ చెప్పేవాడికీ తెలిసిన ఆ పుస్తకం. అరబీకి దాయాది భాషలైన హీబ్రూ, అరమాయిక్, యెమెన్ ప్రాచీన భాషలలో కూడా ఇటువంటి గుర్తు ఉన్నది గాని, ఒక్కొక్క భాష దాన్ని ఒక్కొక్క విధంగా తగిలించుకున్నది. హీబ్రూలో పదానికి ముందు "హ" చేరుతుంది. అరమాయిక్‌లో పదం చివర "ఆ" చేరుతుంది. యెమెన్‌లోని సబా, హిమ్యర్ శాసనాలలో పదం చివర "న్" చేరుతుంది. సిరియా, జోర్డాన్ ఎడారులలోని నల్లరాళ్ళ మీద పశువుల కాపరులు చెక్కిన రాతలలో ఎక్కువగా "హ" కనిపిస్తుంది.

మరి అల్ ఎంత పాతది? క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ అరబ్బులు కొలిచే ఒక దేవత పేరు "అలిలాత్" అని వ్రాశాడు. అది "అల్ ఇలాత్", అనగా "ఆ దేవత". అదే శతాబ్దానికి చెందిన ఒక వెండి గిన్నె ఈజిప్టులోని తెల్ అల్ మస్ఖూతా అనే చోట దొరికింది. ఖేదార్ అనే అరబ్బు తెగ రాజు ఒకడు దాన్ని అదే దేవతకు సమర్పించాడు. అయితే ఆ గిన్నె మీద పేరు "హన్ ఇలాత్" అని ఉన్నది! అంటే అరబ్బులలోనే ఒక చోట అల్, మరొక చోట హన్ వాడుకలో ఉండేవన్నమాట. హన్ మారి అల్ అయినదని కొందరు, రెండూ వేరువేరుగా పుట్టాయని కొందరు పండితులు అంటారు.

క్రీ.శ. 328 నాటికి చిత్రం తేటపడుతుంది. సిరియాలోని నమారా అనే చోట ఇమ్రుల్ ఖైస్ అనే రాజు సమాధి మీద నబతీ లిపిలో, అరబీ భాషలో ఒక శాసనం ఉన్నది. 1901లో ఫ్రెంచి పరిశోధకులు దాన్ని కనుగొన్నారు. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో ఆయన అరబ్బులందరికీ రాజు అని చెప్పుకున్నాడు. "అరబ్" అనే మాటకు ముందు మనం ఈనాడు పలికే అల్ స్పష్టంగా చెక్కి ఉంది. మహాప్రవక్త (స) జన్మించడానికి సుమారు రెండు వందల నలభై ఏండ్ల పూర్వపు మాట ఇది.

అన్ని చోట్లా అల్ గెలిచిందని అనుకోరాదు. యెమెన్ ప్రాంతంలో కొన్ని తెగలవారు అల్ బదులు "అమ్" అనేవారు. ప్రయాణంలో ఉపవాసం గురించి యెమెన్ వైపు మనిషి ఒకరు తన యాసలో అడిగితే, ప్రవక్త (స) అదే యాసలో అమ్ అంటూ జవాబిచ్చారని ఒక రివాయత్‌ను వ్యాకరణ గ్రంథాలు ఉదహరిస్తాయి. యెమెన్ తీరంలోని తిహామా పల్లెలలో ఈ "అమ్" నేటికీ బ్రతికే ఉన్నది. యాసను చూచి నవ్వేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

బస్రా నగరంలో ఇద్దరు

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇరాక్‌లో బస్రా నగరం వెలసింది. అక్కడికి అరబ్బులతో పాటు ఇరానీలు, ఇతర జాతులవారు చేరారు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు ఖురాన్‌ను తప్పులు లేకుండా చదవాలి గదా! ఆ అవసరంలో నుంచే అరబీ వ్యాకరణం పుట్టింది. మాతృభాషగా మాట్లాడేవాడికి వ్యాకరణం అక్కరలేదు, నేర్చుకునేవాడికే కావాలి. ఆ నేర్చుకునే జాతులకు చెందిన మనిషే అరబీ వ్యాకరణానికి పెద్ద దిక్కు అయ్యాడు.

ఆయన సీబవైహి. షీరాజ్ దగ్గర బైదా అనే ఊరివాడు, ఇరానీ. హదీసు నేర్చుకోవడానికి బస్రా వచ్చి, చదువుతూ ఒక మాట తప్పు పలికితే గురువు సరిదిద్దాడట. సిగ్గుపడి, ఇకమీదట నన్ను తప్పు పట్టలేనంతగా భాష నేర్చుకుంటాను అని పంతం పట్టి వ్యాకరణం వైపు తిరిగాడని చెబుతారు. ఆయన గురువు ఖలీల్ బిన్ అహ్మద్. ఛందశ్శాస్త్రం కట్టినవాడు, అరబీలో మొదటి నిఘంటువుకు రూపు ఇచ్చినవాడు. సీబవైహి నడివయసు రాకముందే, సుమారు క్రీ.శ. 796లో కన్నుమూశాడు. ఆయన వ్రాసిన పుస్తకానికి పేరు పెట్టే వ్యవధి కూడా లేకపోయింది. అందుకని జనం దాన్ని "అల్ కితాబ్" అన్నారు. ఏ పుస్తకం అని అడగనక్కరలేదు, ఆ పుస్తకం! అల్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈ గురుశిష్యులకు అల్ విషయంలోనే భేదాభిప్రాయం ఉండేదని తరువాతి వ్యాకర్తలు వ్రాశారు. అలిఫ్, లామ్ రెండూ కలిసే ఒక మాట అని ఖలీల్ వాదం. కాదు, అసలు గుర్తు లామ్ ఒక్కటే, అలిఫ్ కేవలం ఊత అని సీబవైహి పేర చెలామణీ అయిన వాదం. అచ్చు లేని హల్లుతో మాటను మొదలుపెట్టడం అరబ్బు నోటికి రాదు. అందుకని ముందు ఒక "అ" తెచ్చుకుంటాడు. ఇదేదో వింత అనుకోనక్కరలేదు. మన పల్లెల్లో స్కూలును ఇస్కూలు అనీ, స్టేషనును ఇస్టేషను అనీ అనడం లేదా? ఆ "ఇ" చేసే పనే అల్‌లోని "అ" చేస్తుంది.

ఊత గనుకనే, ముందు మరొక మాట వచ్చి ఆదుకుంటే అది జారిపోతుంది. "అబ్దు" అనగా దాసుడు. అబ్దు + అల్ కరీం కలిస్తే అబ్దుల్ కరీం. తెలుగు సంధిలో వాడు + ఎక్కడ కలిస్తే వాడెక్కడ అవుతుంది. మొదటి మాట చివరి అచ్చు పోతుంది. అరబీలో రెండవ మాట మొదటి అచ్చు పోతుంది. తేడా అంతే.

సూర్యుడు, చంద్రుడు

ఇప్పుడు అబ్దుర్రహీం దగ్గరికి వద్దాము. అరబీ అక్షరాలు 28. అందులో 14 అక్షరాలకు ముందు అల్‌లోని లకారం నిలబడదు, వెనుక వచ్చే అక్షరంగా మారిపోయి అది ద్విత్వం అవుతుంది. వీటికి సూర్యాక్షరాలని పేరు. సూర్యుడిని అరబీలో షంస్ అంటారు. అల్ షంస్ అనక అష్షంస్ అంటారు గనుక ఆ పేరు. మిగిలిన 14 చంద్రాక్షరాలు. చంద్రుడు ఖమర్, అల్ ఖమర్ అన్నప్పుడు లకారం చెక్కుచెదరదు.

దీనికి కారణం నాలుకలో ఉంది. "ల" పలికేటప్పుడు నాలుక కొన పళ్ళ దగ్గరికి పోతుంది. త, ద, ర, జ, స, న వంటివీ దాదాపు అక్కడే పుడతాయి. ఇరుగుపొరుగువాళ్ళు గనుక కలిసిపోతారు. బ, మ, ఫ పెదవుల దగ్గరివి. క, ఖ, హ వెనుకవి. దూరపువాళ్ళు గనుక ల విడిగా వినబడుతుంది. లకారం కలిసిపోయే అక్షరాలు పదమూడని సీబవైహి ఆనాడే లెక్క చెప్పాడు. లామ్‌నే కలుపుకుంటే పధ్నాలుగు. మన సంస్కృత పదాలలో సత్ + జనుడు సజ్జనుడు, జగత్ + నాథుడు జగన్నాథుడు, ఉత్ + లాసము ఉల్లాసము కావడం చూడండి. సూత్రం వేరైనా స్వభావం ఒక్కటే.

గోడమీది ఇస్లామీ క్యాలెండరులో ఒక నెల రబీఉల్ అవ్వల్, పక్క నెల రబీఉస్సానీ. రెండింటిలోనూ ఉన్నది అల్ ఒక్కటే. ఈదుల్ ఫితర్‌లో ల నిలిచింది, అస్సలాము అలైకుంలో సకారంలో కరిగింది. హైదరాబాదులో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆసుపత్రి పేరు దారుష్షిఫా, అనగా స్వస్థత ఇచ్చే ఇల్లు. అదే నగరంలో 1888లో స్థాపించబడి అరబీ ప్రాచీన గ్రంథాలను అచ్చువేస్తూ లోకప్రసిద్ధి పొందిన సంస్థ దాయిరతుల్ మఆరిఫ్. మొదటి దానిలో షీన్ సూర్యాక్షరం, రెండవ దానిలో మీమ్ చంద్రాక్షరం. మొదటి నిజాం అసలు పేరు ఖమరుద్దీన్, బిరుదు నిజాముల్ ముల్క్. ఒకే మనిషిలో రెండు విధాలూ ఉన్నాయి. పేరులో చంద్రుడు ఉన్నా వెనుక వచ్చిన దాల్ సూర్యాక్షరమే!

ఒక చిత్రమేమిటంటే అరబీ వ్రాతలో లామ్ ఎప్పుడూ ఉంటుంది. పలికేది అర్రహ్మాన్, వ్రాసేది అల్ రహ్మాన్. తెలుగు లిపి పలికినట్టు వ్రాస్తుంది. కంటితో చూచి వ్రాసినవాడు అబ్దుల్ రహీం అని వ్రాస్తాడు, చెవితో విని వ్రాసినవాడు అబ్దుర్రహీం అని వ్రాస్తాడు. ఇద్దరూ వ్రాసింది ఒకే పేరు. ఆ తండ్రి సంచిలోని తగాదా ఇదే.

ఒక రాజు, ఆ రాజు

పలుకుబడి సంగతి అయింది. ఇక అర్థం. పిల్లలకు కథ ఎట్లా చెబుతాము? "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదట ఒక, తరువాత ఆ. ఖురాన్‌లో ముజ్జమ్మిల్ సూరా (73) 15, 16 ఆయతులలో ఫిర్ఔన్ దగ్గరికి ఒక ప్రవక్తను పంపిన సంగతి వస్తుంది. మొదట రసూల్ అల్ లేకుండా వస్తుంది. వెంటనే, ఫిర్ఔన్ ఆ ప్రవక్తకు ఎదురుతిరిగాడు అన్నప్పుడు అర్రసూల్ అని వస్తుంది. వ్యాకర్తలు దీన్ని ఎరిగినదాన్ని చూపే లామ్ అంటారు. మరొక రకం జాతి మొత్తాన్ని చుట్టివేసే లామ్. అస్ర్ సూరా (103)లో మానవుడు నష్టంలో ఉన్నాడు అన్నచోట అల్ ఇన్సాన్ అంటే ఒక్క మనిషి కాదు, మానవులందరూ. కనుకనే వెంటనే విశ్వాసులను ఆ నష్టం నుంచి మినహాయించడం కుదిరింది. ఫాతిహా సూరా మొదట వచ్చే అల్ హమ్దు కూడా ఇటువంటిదే. ఏదో కొంత స్తోత్రం కాదు, స్తోత్రమనేది ఏదైనా, ఎంతైనా, అంతా అని.

ఒక కష్టం, రెండు సుఖాలు

అల్ ఉండడం వల్ల, లేకపోవడం వల్ల అర్థం ఎంత మారుతుందో ఇన్షిరాహ్ సూరా (94) చూపిస్తుంది. అందులో 5, 6 ఆయతులు కష్టంతో పాటే సుఖం ఉన్నదన్న అభయాన్ని రెండుసార్లు ఇస్తాయి. రెండుసార్లు కష్టానికి అల్ ఉన్నది – అల్ ఉస్ర్. రెండుసార్లూ సుఖానికి అల్ లేదు – యుస్ర్. పూర్వపు వ్యాఖ్యాతలు దీన్ని ఇలా వివరించారు. అల్‌తో ఒక మాట మళ్ళీ వస్తే అది ముందు చెప్పినదే. అల్ లేకుండా మళ్ళీ వస్తే అది వేరొకటి. కాబట్టి కష్టం ఒక్కటే, సుఖాలు రెండు.

ఇది పండితుల గదిలో పుట్టిన చమత్కారం మాత్రమే కాదు. సిరియా యుద్ధాల కాలంలో సేనాని అబూ ఉబైదా (రజి) రోమను సేనల బలాన్ని గురించి, తమ భయాన్ని గురించి హజ్రత్ ఉమర్‌కు (రజి) లేఖ వ్రాశారు. ఖలీఫా ధైర్యం చెబుతూ, ఒక కష్టం రెండు సుఖాలను ఎన్నడూ గెలవలేదని జవాబు వ్రాశారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఈ సంగతి ఉన్నది. రెండక్షరాల మాట ఒక సైన్యానికి గుండెధైర్యం ఇచ్చింది. మన ఇండ్లలో ఎన్ని కష్టాలున్నా, ఈ సూరా చదివేటప్పుడు ఆ అల్‌ను గమనించి చదివితే మనకూ అది దక్కుతుంది.

అల్ దేశాలు తిరిగిన తీరు

క్రీ.శ. 711 నుంచి 1492 వరకు స్పెయిన్‌లో ముస్లిం రాజ్యాలు ఉండేవి. స్పెయిన్ జనం అరబ్బుల పక్కనే బ్రతికి మాటలు చెవితో నేర్చుకున్నారు. అందుచేత అల్‌ను కూడా మాటలో భాగమనుకొని తీసేసుకున్నారు. పత్తిని అరబీలో అల్ ఖుత్న్ అంటారు, స్పానిష్‌లో అల్గొదోన్. చక్కెర అస్సుక్కర్, స్పానిష్‌లో అసూకర్. ఆలివ్ నూనె అజ్జైత్, స్పానిష్‌లో అసేయితే. సూర్యాక్షరాల సూత్రం తెలియకుండానే దాన్ని పాటించారు. అదే ఇటలీవారు అల్‌ను వదిలి కొతోనె, జుక్కెరో అన్నారు.

పండితులది మరొక దారి. వారు పుస్తకంలో కంటితో చూచి తీసుకున్నారు. ఒక నక్షత్రాన్ని అరబ్బు అద్దబరాన్ అంటాడు; యూరప్ ఖగోళ శాస్త్రం అల్దెబరాన్ అంటుంది. లామ్ వ్రాసి ఉంది గనుక పలికేశారు. బాగ్దాదులో ఖలీఫా మామూన్ కాలంలో (813–833) ఖ్వారిజ్మీ వ్రాసిన గణిత గ్రంథంలోని అల్ జబ్ర్ అనే మాట, 1145లో ఆ గ్రంథం లాటినులోకి పోయిన తరువాత ఆల్జీబ్రా అయ్యింది. మన పిల్లలు బడిలో భయపడే ఆల్జీబ్రాలో మొదటి రెండక్షరాలు ఈ అల్ అని చెబితే, ఆ భయం కొంచెం తగ్గుతుందేమో!

మన తెలుగులోకి వచ్చిన అరబీ మాటలకు మాత్రం అల్ లేదు. హక్కు, వసూలు, జవాబు, వకీలు, రద్దు, మామూలు, అసలు, నకలు, హాజరు – ఒక్కదానికీ లేదు. కారణం స్పష్టమే. ఇవి మనకు నేరుగా అరబ్బుల నుంచి కాక, దక్కను సుల్తానుల దర్బారులలోని పారసీ ద్వారా, తరువాత ఉర్దూ ద్వారా వచ్చాయి. పారసీకి అల్ లేదు. సరుకు వచ్చిన దారిని బట్టి మూటకట్టు ఉంటుంది. తమాషా ఏమిటంటే, పేర్లలో మాత్రం పారసీ మాటకు కూడా అరబీ అల్ తగిలించారు. మెహర్ పారసీ, నిసా అరబీ; నడుమ అల్ నిలిచి మెహరున్నిసా అయ్యింది.

మన పేర్లు

ఇక చివరిగా, ఈ వ్యాసం వ్రాయడానికి కారణమైన విషయం. "అబ్దుల్" అనేది పేరు కాదు. అది సగంలో తెగిన మాట. అబ్దు అంటే దాసుడు, ఉల్ అంటే తరువాత రాబోయే అల్లాహ్ నామానికి తగిలిన అల్. అబ్దుల్ అని పిలిస్తే, "ఆ … యొక్క దాసుడా" అని పిలిచి ఎవరి దాసుడో చెప్పక ఊరుకున్నట్టు. అలాగే అబ్దుర్రహ్మాన్‌ను వట్టి రహ్మాన్ అని పిలవడం పెద్దలు మెచ్చరు. అది అల్లాహ్ నామం, మనిషి ఆ నామానికి దాసుడు మాత్రమే. ఈ రెండు ముక్కలను రెండు గడులలో వ్రాస్తే పేరూ చెడుతుంది, అర్థమూ చెడుతుంది.

దుఆలో "యా రహ్మాన్, యా రహీమ్" అంటాము. పిలిచేటప్పుడు అల్ రాదు. ఒక్క అల్లాహ్ నామంలోనే "యా అల్లాహ్" అని అది నిలిచి ఉంటుంది. ఈ నామం అల్, ఇలాహ్ కలిసి ఏర్పడిందని కొందరు వ్యాకర్తలు, ఏ మాట నుంచీ పుట్టని స్వతంత్ర నామమని కొందరు అన్నారు. ఏమైనా, తక్కిన అన్ని పేర్లకూ ఉన్న నియమం దీనికి లేదన్నది అందరూ ఒప్పుకున్న మాట.

సోదరులకు మా మనవి ఇది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే ఆధారమయ్యింది. కనుక బిడ్డ పేరు నమోదు చేయించేనాడే అబ్దుర్రహీం అని వ్రాయించండి, లేదా అబ్దుల్ రహీం అని వ్రాయించండి. రెండూ ఒప్పే. కాని ఏది వ్రాయించితే దాన్నే, తెలుగులోను ఇంగ్లీషులోను, అన్ని కాగితాలలోను అక్షరం మారకుండా ఉంచండి. నూరున్నిసా, షంసుద్దీన్, హబీబుర్రహ్మాన్ వంటి పేర్లకూ ఇదే మాట. వ్రాసే గుమాస్తా తెలియక విడదీస్తుంటే, కోపగించక, ఇది ఒక్కటే పేరయ్యా అని నెమ్మదిగా చెప్పండి. మనకే తెలియకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

ఆ తండ్రి కాగితాలు ఏమైనాయని పాఠకులు అడగవచ్చు. మూడు పేర్లూ ఒక్క పిల్లవానివేనని ప్రమాణపత్రం తయారు చేయించి, మేమూ ఒక ఉత్తరం జతచేసి ఇచ్చాము. రెండు నెలలు తిరిగాడు. పని అయ్యింది. ఈ ఏడాది ఆ అబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, గణితం తీసుకున్నాడు. కష్టం ఒక్కటే, సుఖాలు రెండు అన్న మాట అతని విషయంలోనూ, మన బిడ్డలందరి విషయంలోనూ అల్లాహ్ నిజం చేయుగాక! ఆమీన్.